బాయిలర్ గదిలో మాగబెట్టిన పళ్ళు

మొన్న శుక్రవారం సాయంత్రం మా అల్లుడు రైలు దిగి ఇంటికి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. క్విన్స్ పై అట, క్విన్స్ అనే పండు ముక్కలు పిండిలో పెట్టి ఓవెన్‌లో కాల్చేది. ఎడిసన్‌లో కొత్తగా పెట్టిన బేకరీలో అచ్చం ఇంట్లో చేసినట్టే చేస్తున్నారట, వరుసలో నిలబడి మరీ తెచ్చాడట. నా కోసమే తెచ్చాడు పాపం, ఎప్పుడో మాటల్లో ఆ పండు పేరు నా నోట విని గుర్తుపెట్టుకున్నాడు. అల్లుడి మంచితనానికి నేను వంక పెట్టను, కాని ఆ తిండికి పెట్టకుండా ఎలా ఉంటాను? ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, ముప్పాతిక వంతు ఆపిలు, క్విన్స్ అన్నది పేరుకు మాత్రమే. ఇక ఆ ఎరుపంటారా, సీసాలోంచి పోసిన ఎరుపు, తిన్నాక అద్దంలో చూసుకుంటే నా నాలుక కిళ్ళీ నమిలినట్టుంది. ఆ పండు దానంతటది ఎర్రబడుతుంది, కాకపోతే సన్నని సెగ మీద మూడు నాలుగు గంటలు ఉంచాలి. మొదటి గంట పాలిపోయి ఉంటుంది, రెండో గంటకు కాస్త గులాబీ తిరుగుతుంది, ఆ తర్వాతే దానిమ్మగింజ రంగు. అంత ఓపిక ఎవరికుంది? మా మనవరాలు పక్కన చేరి, “అమ్మమ్మా, వన్ టైమ్ జస్ట్ ఎంజాయ్ చెయ్యి, ప్లీజ్” అంది. పళ్ళెంలో వదిలేసే అలవాటు లేదు కనుక ముక్కంతా తిన్నాను, తింటున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంటలోనే పాత సంగతులన్నీ కదిలాయి. ఆ రోజుల్లో ఈ అమెరికా దేశం వచ్చిన నా ఈడు వాళ్ళకైతే విడమరచి చెప్పక్కర్లేదు, పిల్లలకు చెప్తే కట్టుకథ అనుకుంటారు.

డెబ్బైల చివర మాట. మేము ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయనకు కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం, మా అమ్మాయికి పదేళ్ళు. నేను చదివింది ఐదో తరగతి. తెలుగు బైబిలు తడుముకోకుండా చదువుతాను, ఉత్తరం రాస్తాను, ఇంగ్లీషులో మాత్రం షాపులో అట్టల మీద రాసిన ధరలు తప్ప ఏదీ నాకు లొంగేది కాదు. మేమున్న అద్దె ఇంటి వెనక ఒక వంకర చెట్టుండేది. ఆకారానికి పెద్ద జామకాయ, రంగుకు నిమ్మపండు, ఒంటినిండా బూజు పట్టినట్టు నూగు, అదీ దాని పండు. కొరికితే పళ్ళు కదిలేంత గట్టి, పచ్చి అరటికాయ నమిలినట్టు వగరు. అదే క్విన్స్ అని అప్పట్లో తెలియక, మా ఆడవాళ్ళం దానికి రాతిజామ అని పేరు పెట్టుకున్నాం. మొదటి ఏడాది ఆ పళ్ళన్నీ రాలి గడ్డిలో కుళ్ళిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. తురిమి, ఆవపిండీ కారమూ కలిపి పచ్చడి పెట్టి చూశాను. మా ఆయన ఒక ముద్ద తిని, మూడు గ్లాసుల నీళ్ళు తాగి, ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా కలిపి తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎనిమిదంటే ఎనిమిది. ఒక అమెరికా చర్చివాళ్ళు దయతలచి వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉన్న హాలు ఆదివారం మధ్యాహ్నాలు మాకు ఊరికే ఇచ్చేవారు. ఆరాధన అయ్యాక ప్రేమవిందు. తలా ఒక గిన్నె తెచ్చి, హాలును ఆనుకుని ఉన్న వంటగదిలో వేడిచేసుకుని, తాలింపులు అక్కడే పెట్టుకుని, నేల మీదో కుర్చీల్లోనో కూర్చుని తినేవాళ్ళం. రెండేసి గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేవాళ్ళున్నారు మాలో, తిండి పెట్టకుండా పంపితే ఏం బాగుంటుంది? నా సంగతి చెప్పాలంటే వారంలో ఆ కాసేపే నేను మనిషిని. మిగతా రోజుల్లో డాక్టరు దగ్గరైనా, బడిలో టీచరు దగ్గరైనా నా తరపున పదేళ్ళ పిల్ల మాట్లాడాలి, నేను పక్కన దిష్టిబొమ్మలా నిలబడాలి. ఆ బేస్‌మెంట్‌లో మాత్రం గొంతెత్తి నా భాషలో ప్రార్థన చేసేదాన్ని, నలుగురికి సలహా చెప్పేదాన్ని, అవసరమైతే నలుగురినీ కేకలేసేదాన్ని.

ఆ వంటగది తాళాలు ఒక పెద్దావిడ దగ్గర ఉండేవి. అరవై దాటిన వితంతువు, సన్నగా కర్రలా ఉండేది, తాళాల గుత్తి రిబ్బనుకు కట్టి మెడలో వేసుకునేది. మేము తాళాలావిడ అనేవాళ్ళం. నవ్వగా నేను చూడలేదు. మేము వెళ్ళిపోయాక వచ్చి గట్టంతా మళ్ళీ తుడిచేదని మాకు తెలుసు, ఎందుకంటే నేను తుడిచిన గుడ్డ ఒకచోట ఆరేస్తే వచ్చే వారానికి ఇంకోచోట ఉండేది. నేను తుడిచింది ఆవిడకు ఆనలేదన్నమాట. నాకు అక్కడే ఒళ్ళు మండేది.

అక్టోబరు మొదట్లో చర్చి కమిటీ నుంచి మా ఆయనకు ఉత్తరం వచ్చింది. మా వంటల వాసన మెట్లెక్కి మేడమీద ఆరాధన జరిగే చోటికి వస్తోందట, తెరలకూ దిండ్లకూ పట్టిందట, జనవరి నుంచి హాలు ఇవ్వడం కుదరకపోవచ్చట. నవంబరులో వాళ్ళకు ఏటా పైల అమ్మకం ఉంటుంది, అదయ్యాక కమిటీ కూర్చుని తేలుస్తుందట. నిజం చెప్పొద్దూ, వాసన సంగతి మాకు తెలియనిది కాదు. అందుకే వంటగది తలుపు బిగించి, తలుపు కింద తడిగుడ్డ కుక్కి, కిటికీ రెక్క కూడా కదపకుండా, ఉక్కపోతలో చచ్చిపోతూ వండేవాళ్ళం. ఇంత జాగ్రత్తపడ్డా ఈ మాట పడాలా అని నాకు కడుపు రగిలిపోయింది. కాని రగిలి ఏం లాభం? హాలు పోతే ఎనిమిది కుటుంబాలు పట్టే ఇల్లు మాలో ఎవరికీ లేదు. అంతటితో తెలుగు ఆరాధన ఆగిపోతుంది.

మగవాళ్ళు కూర్చుని రెండు తీర్మానాలు చేశారు. ఒకటి, ఇక నుంచి వంట లేదు, అందరూ రొట్టెముక్కలు తెచ్చుకోవాలి. రెండోది, ఆ పైల అమ్మకానికి మన తరపున ఇరవై పైలు ఇవ్వాలి. ఇవ్వాలని అనుకోవడం కూడా కాదు, ఇస్తామని కమిటీకి మాట ఇచ్చేసి వచ్చారు.

“ఇరవై పైలు ఎవరు చేస్తారండీ?” అన్నాను మా ఆయనతో.

“మీరంతా ఉన్నారుగా” అన్నాడు.

“పై అంటే ఏంటో మాలో ఒక్కదానికైనా తెలుసా?”

“రొట్టె చేసేదానివి, పై చెయ్యలేవా? పిండే కదే అదీ.”

ఆ మాటకు నేనేం జవాబు చెప్పానో ఇక్కడ రాయను.

ఆ రోజుల్లో మన ఇళ్ళలో ఓవెన్లు దేనికి పనికొచ్చేవో మీకు గుర్తుండే ఉంటుంది. బాణలి, పెనం, ఇడ్లీ రేకులు, నూనె కారే మూకుడు, అన్నీ అందులోకే. మా సంఘంలో చిన్నది ఒక చెల్లెలుండేది, నిండు గర్భిణి, ఉత్సాహం ఎక్కువ. ప్రయత్నించి చూద్దామని ఒక రోజు ఓవెన్ వెలిగించి, లోపల పసుపూ కారమూ పోసి దాచిన ప్లాస్టిక్ డబ్బాలున్నాయన్న సంగతి మరిచిపోయింది. ఇల్లంతా దగ్గులు, పక్కవాటాల వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారట. దాంతో పైలన్నీ చర్చి పెద్ద ఓవెన్‌లోనే, అమ్మకానికి ముందు శనివారం, అందరం కలిసి చేయాలని ఖాయం చేశాను. ఆపిళ్ళు కొనాలన్నారు. పెరట్లో చెట్టునిండా పళ్ళుండగా కొనడమేంటని నేను కొట్టిపారేశాను. వాళ్ళకు నా నోరంటే భయం కనుక ఒప్పుకున్నారు.

పండు గట్టిగా ఉందంటే పక్వానికి రాలేదని కదా ఎవరైనా అనుకునేది. మామిడికాయలు మాగబెట్టని ఇంట్లో పుట్టానా నేను? పళ్ళన్నీ కోసి, పారేయకుండా దాచిన బియ్యం గోనెసంచుల్లో, గడ్డి లేదు కనుక పాత న్యూస్‌పేపర్లు మధ్యమధ్య పరిచి, నాలుగు సంచులు నింపాను. ఇంట్లో హీటరు తగ్గించి పెట్టుకునేదాన్ని, వెచ్చదనం చాలదు. చర్చి బేస్‌మెంట్‌లో, భవనమంతటికీ వేడినిచ్చే బాయిలర్ గది నెయ్యి పెడితే కరిగిపోయేంత వెచ్చగా ఉంటుంది. మా ఆయన చేత ఆ సంచులు అక్కడికి మోయించి, ఒక మూల పెట్టించి, మీద దుప్పటి కప్పాను. ఎవరినైనా అడిగారా అంటే అడగలేదు. వారం తర్వాత వెళ్ళి నొక్కి చూస్తే రాయి. రెండు వారాలకూ రాయే. పసుపు ముదిరింది తప్ప వేలు దిగనివ్వలేదు. బాయిలర్‌ను తిట్టాను, ఇంగ్లీషు పేపర్లను తిట్టాను, వచ్చేవారం మెత్తబడకపోతే నా పరువేం కావాలని ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణి కూడా కాస్త గట్టిగానే అడిగాను.

ఇంకో సంగతి. ఆ వారాల్లో బేస్‌మెంట్‌లో ఏదో కమ్మని వాసన వచ్చేది. రోజాపూలూ అనాసపండూ కలిపినట్టు, దొరల సెంటులా. మేడమీద దొరసానులు పూసుకునే అత్తరు కిందికి దిగుతోందని మేమందరం అనుకున్నాం. వాళ్ళ వాసన మన దగ్గరికి వస్తే మనం ఉత్తరాలు రాశామా అని నేను ఎత్తిపొడిచాను కూడా.

మూడో ఆదివారం. ఆరాధన అయింది, చల్లటి రొట్టెముక్కలు నములుతున్నాం. వంట మానేసినప్పటి నుంచి జనం పావుగంటలో కోట్లు తొడుక్కుని వెళ్ళిపోతున్నారు. అప్పుడు మెట్ల మీద తాళాల చప్పుడు. తాళాలావిడ వచ్చి హాలు మధ్యలో నిలబడి, తల పైకెత్తి వాసన చూసింది.  వండింది లేదు, కాల్చింది లేదు, ఇంకా ఏం వాసన వస్తోందమ్మా నీకు అని నేను లోపల కుతకుతలాడుతున్నాను. ఆవిడ ఎవరినీ చూడకుండా గోడ వెంబడే నడిచి, వంటగదిలోకి వెళ్ళి, బయటికొచ్చి, తిన్నగా బాయిలర్ గది తలుపు తెరిచింది.  వెనకే వెళ్ళాం. దుప్పటి తీసేసి, సంచిలో చెయ్యి పెట్టి ఒక పండు తీసి, గౌను అంచుతో దాని నూగు తుడిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. తిట్టడానికి ఊపిరి తీసుకుంటోందనుకున్నాను.

తిరిగి ఏదో అడిగింది. మా అమ్మాయిని ముందుకు తోశాను.

“అమ్మా, ఇవి ఎవరివి అంటుంది. పేపర్స్‌లో ఎందుకు స్లీప్ చేయిస్తున్నావు అంటుంది.”

“మాగడానికని చెప్పు. మెత్తబడాలి కదా.”

అది చెప్పింది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“అమ్మా, ఇవి ఎప్పుడూ సాఫ్ట్ అవ్వవంట. క్రిస్మస్ దాకా పెట్టినా ఇట్లానే ఉంటదంట. కుక్ చెయ్యాలంట.”

మూడు వారాలు! మూడు వారాలు నేను రాళ్ళను మాగబెట్టాను. మా వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు, వెనక్కి తిరిగి చూస్తే అందరూ నేల చూపులు చూస్తున్నారు. తాళాలావిడ ఇంకా ఏదో చెప్తోంది, ఎవరితోనో అన్నట్టు కాకుండా ఆ పండుతో అన్నట్టు. వాళ్ళ పొలంలో ఈ చెట్లు నాలుగుండేవట, వాళ్ళమ్మ పళ్ళను బట్టల బీరువాలో పెట్టేదట, చలి మొదలవగానే పై చేసేదట, ఆ పొలం పోయాక ఈ పండు కంటితో చూడలేదట. ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పి, వెంటనే గొంతు మార్చి, శనివారం తొమ్మిదికి వంటగది తెరుస్తాను, ఆలస్యం చేయకుండా రండి అంది. హాలు సంగతి ఒక్క మాట అనలేదు.

శనివారం పొద్దున ఆడవాళ్ళం ఎనిమిది మందిమీ చేరాం. మధ్యలో దుబాసిగా మా అమ్మాయి. ఆ రోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆవిడకూ నాకూ జరిగింది యుద్ధమే. ఆ పండు కొయ్యాలంటే మామూలు చాకు లొంగదు. ఆవిడ బల్ల ముందు నిలబడి, చాకు గుచ్చి, రెండు చేతులతో నొక్కుతుంటే అది జారి వేలి పక్కగా పోయింది. నేను ఊరి నుంచి పెట్టె అడుగున పెట్టి తెచ్చుకున్న కత్తిపీట వెంట తీసుకెళ్ళాను. నేల మీద పీట వేసి, కాలితో తొక్కిపట్టి, ఆవకాయ ముక్కలు కొట్టినట్టు ఒక్కో పండూ టక్కుమని చీల్చి పడేస్తున్నాను. ఆవిడకు గుండె ఆగినంత పనైంది. తినే వస్తువు నేల మీద కూర్చుని కొయ్యకూడదు, లే, నిలబడు అంటుంది. నిలబడితే కత్తిపీట ఎలా పనిచేస్తుందో ఆవిడకు చెప్పే ఓపిక నాకు లేదు, కోస్తూనే ఉన్నాను. ఆవిడ మూడు పళ్ళు ముగించేసరికి నా దగ్గర గంపెడు ముక్కలు తయారయ్యాయి. అది చూసి ఆవిడ లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చేసిన తెల్లటి దుప్పటి ఒకటి తెచ్చి నా చేతికిచ్చి, కిందికి వేలు చూపించింది. పరుచుకుని కూర్చోమని. అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

తొక్కలూ గింజల బొడ్డులూ చెత్తబుట్టలో వేసింది. నేను తీశాను. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసి, కడిగి, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. అంత సువాసన ఉన్నదాన్ని పారేయడానికి చేతులెలా వస్తాయి? ఉడికాక వడకట్టి, ఆ నీళ్ళలో పంచదార వేసి మరగనిస్తే తేనెలా ఎర్రబడి, చల్లారాక పాకంలా గట్టిపడింది. చెడిపోయిందేమో అనుకున్నాను. ఆవిడ చెంచాతో కాస్త నాకి, పైలలోని పండుముక్కల మధ్య పోయడానికని ఆ గిన్నెను తన వైపు లాక్కుంది. నాదని ఒప్పుకుంటే ఏం పోయింది?

పిండి దగ్గర మాత్రం తప్పు నాదే. ఇప్పుడైతే ఒప్పుకుంటున్నాను. చల్లటి వెన్న పిండిలో చిదిమి, రెండు చుక్కల చల్లనీళ్ళు చిలకరించి, ముద్దయీ కాకుండా వదిలేయాలని ఆవిడ చెప్తోంది. అది నాకు బద్ధకం మనుషుల పనిలా తోచింది. పిండన్నాక చెమట పట్టేలా పిసకాలని మా అమ్మ నేర్పింది. ఆవిడ అటు తిరగగానే గోరువెచ్చటి నీళ్ళు పోసి, పూరీపిండిని మర్దించినట్టు పావుగంట మర్దించాను, వెన్న కూడా సగం మిగిల్చాను. అట్లా మూడు పైలు నావి. ఓవెన్‌లోంచి తీశాక ఆవిడ చాకుతో తట్టి చూసింది, టక్‌టక్‌మని చెక్క మీద కొట్టినట్టు మోగింది. సాయంత్రం మా ఆయన చూసి, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు ఈ రేకులు అన్నాడు.

ఆ మధ్యలో భోజనం వేళయింది. తాళాలావిడ అమ్మకపు బల్లలు సర్దడానికి మేడమీదికి వెళ్ళింది. మేము రొట్టెముక్కలు విప్పాం. ఆ గర్భిణి పిల్ల ఒక ముక్క కొరికి, డోకొచ్చి, పక్కకు వెళ్ళి నిలబడింది. పొద్దుటి నుంచి నిలువుకాళ్ళ మీద ఉంది, అప్పటికి మూడు వారాలుగా ఆదివారం ఆదివారం ఆకలితోనే ఇంటికి వెళ్తోందట, ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర ఇంటి నుంచి తెచ్చిన అన్నం, తాలింపు వేయని చప్పటి పప్పు ఉన్నాయి, ఎందుకైనా మంచిదని సంచిలో పెట్టుకున్నాను. అలా చప్పటిది పెట్టబుద్ధి కాలేదు. మూకుడు పొయ్యి మీద పెట్టాను.

“అక్కా, వద్దక్కా” అంది పక్కావిడ నా చెయ్యి పట్టుకుని. “ఇవాళ ఒక్కరోజు ఓర్చుకుందాం. కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు. హాలు పోతుందక్కా.”

“పోతే పోనీ. కడుపుతో ఉన్న పిల్లకు పట్టెడన్నం పెట్టుకోలేని హాలులో నేనేమని ప్రార్థన చేస్తానే?”

అన్నానే కాని, పోతే పోనీ అనుకున్నంత తేలిక కాదు నాకు అది పోవడం. అయినా నూనె కాగింది, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఆవాలు పడ్డాయి, చుయ్‌మంది. అలవాటు ప్రకారం ఒకావిడ పరిగెత్తి తలుపు మూసి, తడిగుడ్డ కుక్కింది. ఆ మూసిన గదిలో ఘాటుకు మా కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, తలుపు నెట్టుకుని, కాలితో ఆ గుడ్డ పక్కకు తోసి, దగ్గుతూ తాళాలావిడ లోపలికి వచ్చింది.

 నేను పప్పులో తాలింపు బోర్లించి గరిటె పట్టుకుని నిలబడ్డాను, ఏమన్నా ముందు ఆ పిల్ల తిన్నాక అనమని చెప్పాలని. ఆవిడ నా వైపు రాలేదు. అలమార వెనక నుంచి చివర కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర ఒకటి తీసి, పైకప్పుకు దగ్గరగా ఉన్న రెండు కిటికీలనూ ఒకదాని తర్వాత ఒకటి లాగి తెరిచింది. నవంబరు చలిగాలి లోపలికి వచ్చి, ఘాటంతా బయటికి లాక్కుపోయింది. అప్పుడు మా అమ్మాయి వైపు తిరిగి చెప్పింది.

“అమ్మా, ఫస్ట్ విండోస్ ఓపెన్ చెయ్యాలంట, తర్వాత అది వెయ్యాలంట. మీరు రివర్స్‌లో చేస్తున్నారంట. అన్నీ క్లోజ్ చేస్తే స్మెల్ ఎక్కడికి పోతది, స్టెప్స్ ఎక్కి పైకే వస్తదంట.”

“కిటికీలు తెరవొచ్చని మాకు ఎవరు చెప్పారట?”

“నువ్వు అడగలేదంట.”

రెండేళ్ళు. రెండేళ్ళు ఉక్కపోతలో తడిగుడ్డలు కుక్కుకుని, మాకు మేమే ఆ వాసనను మోసి మేడమీదికి పంపాం. వాళ్ళేమనుకుంటారోనని దాచబోయి చేసిన నిర్వాకం అది. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, అడగడానికి మాకు మాట రాదు, చెప్పడానికి ఆవిడకు మనసు రాదు. ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియలేదు. ఆవిడ తన రొట్టెముక్క తాను నిలబడే తింది, మా పప్పు రుచి చూడమంటే చెయ్యి అడ్డం పెట్టింది. గర్భిణి పిల్ల మాత్రం కడుపునిండా తింది.

మర్నాడు పైల అమ్మకం. ఆపిలువీ గుమ్మడివీ చకచకా పోయాయి, మావి బల్ల మీద అలాగే కూర్చున్నాయి. ఆ పండు పేరు చదివి అందరూ పక్క బల్లకు జరిగిపోతున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది. తాళాలావిడ కాసేపు చూసి, మంచి పై ఒకటి తీసి తనే కోసింది. కోసేసరికి లోపలి ఎరుపు బయటపడింది, వాసన లేచింది. ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. మేడమీద ఇన్ని వారాలుగా వచ్చిన వాసన ఇదా అని ఒకాయన అడిగాడని మా అమ్మాయి చెప్పింది. మధ్యాహ్నానికి మావన్నీ పోయాయి, నేను మర్దించిన ఆ మూడు తప్ప. వాటిని మేమే నానబెట్టుకుని తిన్నాం, పారేయలేదు.

కమిటీ కూర్చుందో లేదో, ఏమనుకుందో మాకు ఎవరూ చెప్పలేదు. తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి ఆ కొక్కెం కర్ర అలమార వెనక లేదు, వంటగది తలుపు పక్కనే, నాకు అందే ఎత్తులో, కొత్తగా కొట్టిన మేకుకు వేలాడుతోంది. జనవరిలో ఉత్తరం రాలేదు. మగవాళ్ళు తమ రాయబారం ఫలించిందని కృతజ్ఞతా ప్రార్థనలు చేశారు, చేసుకోనిచ్చాం.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు ప్రతి నవంబరులోనూ ఆవిడా నేనూ అదే బల్ల దగ్గర అదే యుద్ధం చేశాం. నేను మర్దించడం మానేశాను, వెన్న తగ్గించడం మాత్రం మానలేదు, ఆవిడ కనిపెట్టకా మానలేదు. చివరి ఏడాది ఆవిడ చేతులు పనిచేయలేదు, కుర్చీలో కూర్చుని వేలితో చూపిస్తూ నా చేత చేయించింది, బాగుందని మాత్రం ఆనాడూ అనలేదు. నేనంటే ఇష్టమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మాకు కబురందేసరికి ఆవిడను పూడ్చిపెట్టి వారమైంది. మరుసటి ఏడు మా ఆయన ఉద్యోగం న్యూజెర్సీకి మారింది. మేము ఖాళీ చేశాక ఇంటాయన ఆ చెట్టును వేళ్ళతో సహా పీకించి, కారు నిలుపుకోవడానికి సిమెంటు పోయించాడట.

ఇప్పుడు మాకు మా సొంత చర్చి ఉంది. నాలుగు వందల మంది పడతారు. ఎవరినీ బతిమాలక్కర్లేదు, ఎవరికీ పైలు ఇవ్వక్కర్లేదు, సంతోషమే. ప్రేమవిందు హోటలు నుంచి మూతలు బిగించిన రేకు ట్రేల్లో వస్తుంది. ఎవరు వండారో ఎవరికీ తెలియదు, ఉప్పు ఎక్కువైతే కోప్పడడానికి మనిషి దొరకడు. పిల్లలు ప్లేటు పట్టుకుని కార్ల దగ్గరికి వెళ్ళి తింటారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, బేస్‌మెంట్‌లో కుర్చీలు సర్దిన పాత అలవాటు కొద్దీ, కాస్త సర్ది వెళ్దామని ముందున్న కుర్చీని పట్టుకుని లాగాను. రాలేదు. వంగి చూస్తే నేలకు మరలతో బిగించి ఉంది, వరుసకు వరుసంతా అంతే. సర్దడానికి ఏమీ లేదు. మా మనవరాలు బయట కారు స్టార్ట్ చేసి హారన్ కొడుతోంది. నేను అటూ ఇటూ చూసి, నాతో పోట్లాడే మనిషి ఒక్కరైనా కనిపించక, సంచి చంకన పెట్టుకుని బయటికి నడిచాను.